ముట్టని పళ్ళెం

1964 మే తొమ్మిదో తారీఖు, శనివారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకి, రేవు పక్కనున్న పాదిరిగారి గుడి గంట మోగుతుండగా ఒడెల్లా ఆఖరి పళ్ళెం బల్ల మీద పెట్టింది. వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ బయటికొచ్చి, గది తలుపు దగ్గరగా వేసింది. గొళ్ళెం మాత్రం పెట్టలేదు. పెద్దలు వచ్చే తలుపుకి ఆ ఇంట్లో ఏనాడూ గొళ్ళెం పెట్టలేదు.

ఏటా చేసే పనే. కరీబియన్ సముద్రంలోని కరియకూ దీవిలో మే నెల వచ్చేసరికి నేల నెర్రెలిచ్చి ఉంటుంది. మనుషులూ మేకలూ కూడా మబ్బు వచ్చే దిక్కుకే మొహాలు పెట్టి నిలబడతారు. అప్పుడొస్తుంది మరూన్, వాన కోసం పోయిన పెద్దలకి భోజనం పెట్టే పండగ. తెల్లారకముందే వాకిళ్ళలో మూడు రాళ్ళ పొయ్యిలు రాజుకుంటాయి. మొక్కజొన్న సంకటి, అన్నం ముద్దలు, పచ్చి కందులు, కాల్చిన చేప, మేకమాంసం, అన్నీ పొగలోనే ఉడకాలి. అన్నీ చప్పగానే ఉండాలి. పెద్దలకి ఉప్పు గిట్టదు. అందుకే ముందురోజు సాయంత్రానికే ఊళ్ళో ఉప్పు జాడీలన్నీ రేవు దగ్గర కొట్లోకి వెళ్ళిపోతాయి, పండగ అయ్యాక గాని తిరిగి రావు. వండినదాంట్లో మొదటి వంతు పెద్దలది. వాళ్ళు తిన్నాక మిగిలింది ఇంట్లోవాళ్ళది. ఆ తరవాతే ఊరిది.

ఒడెల్లా అత్తవారి పెద్దలు ఎవరి అలవాటు వాళ్ళకి ఉన్నవాళ్ళు. మావగారు జెరెమయా బతికున్నప్పుడు చేప ఎలా తినేవాడో పోయాక కూడా అలాగే తింటాడు. ముళ్ళన్నీ దువ్వెన పళ్ళలా వరసగా పళ్ళెం అంచున పేర్చి వెళ్తాడు. ఆయన చెల్లెలు ఆగ్నెస్‌కి పేచీ ఎక్కువ. కందులు బాగా ఉడక్కపోతే తొక్కలన్నీ ఒలిచి, వండినవాళ్ళకి కనపడేలా పళ్ళెం బయట కుప్ప పోస్తుంది. ఇంక మునిగిపోయిన డోర్మన్ బాబాయి కూర్చునే చోటు ఎప్పుడూ తడి తడిగా ఉంటుంది. కుర్చీ కింద గుప్పెడు ఇసక, ఒక్కోసారి చిన్న ఆల్చిప్ప. "ఈయనొకడు, ఏడాదికోసారి వచ్చినా కాళ్ళు కడుక్కోడు," అని విసుక్కుంటూ ఒడెల్లా ఏటా ఆ ఇసక ఊడ్చేది.

ఈ ఏడు ఆ బల్ల మీద నాలుగో పళ్ళెం ఉంది. అది ఆమె మొగుడు ఎనోక్‌ది.

ఏడేళ్ళ కింద, కూతురు లినెట్ ఇంకా తొట్టెలో ఉండగా, ఎనోక్ ఉల్లిపాయల లోడుతో పడవెక్కి ట్రినిడాడ్ వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో పడవ రాళ్ళకి కొట్టుకుని ముక్కలైందని కబురొచ్చింది. ఇద్దరి శవాలు దొరికాయి, ఎనోక్ దొరకలేదు. సర్కారు చనిపోయినవాళ్ళలో రాసేసింది. పాదిరిగారు ఆత్మశాంతికి పూజ కూడా చేసేశారు. ఒప్పుకోనిది ఒక్క యుఫీమియా, ఎనోక్ తల్లి. ప్రతి ఏడూ పళ్ళేల దగ్గర అదే మాట. "నా కొడుక్కి పెద్దల బల్ల మీద చోటు లేదు. పెట్టారంటే నేను ఆ పళ్ళెం ఎత్తి సముద్రంలో పారేస్తాను."

ఆవిడ మాటంటే ఊరికి హడలు. భోజనాల దగ్గర నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడిన పిల్లల్ని, అది ఎవరి పిల్లలైనా సరే, నెత్తిమీద మొట్టేది. ఆ మొట్టికాయలు తిని పెరిగినవాళ్ళే ఇప్పుడు ఊళ్ళో పెద్దమనుషులు.

ఇప్పుడు సంగతి మారింది. పడవలు కట్టే బార్నబాస్ ఒడెల్లాని పెళ్ళి చేసుకుంటానన్నాడు. మంచివాడు. రెండేళ్ళుగా పొయ్యిలోకి చెక్క పేళ్ళు ఉత్తపుణ్యానికి తెచ్చి పడేస్తున్నాడు, గాలివానకి ఎగిరిపోయిన కప్పు అడక్కుండానే ఎక్కి కప్పాడు. గుడిలో పెళ్ళి ప్రకటన రెండు ఆదివారాలు చదివేశారు. మూడోది రేపే. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. చెప్పకపోతే ఆ పెళ్ళికి ఇంక అడ్డు లేదు.

రెండో ప్రకటన అయిన రోజు సాయంత్రం యుఫీమియా తనంతట తానే కోడలి ముందు కూర్చుని అంది.

"ఈసారి వాడికీ పళ్ళెం పెడదామే. వాడు తింటే, నీ పెళ్ళి గౌనుకి లేసు నా చేత్తో నేనే కుడతాను. తినకపోతే మాత్రం ఆదివారం గుళ్ళో లేచి నిలబడతాను. నా కొడుకు బతికున్నాడని పాదిరి మొహం మీదే చెప్తాను."

 ఏడేళ్ళుగా ఆ మనిషి కాదన్న పనే ఇది. "సరే అత్తయ్యా," అని మాత్రం అంది ఒడెల్లా.

తినని పళ్ళేనికి అర్థం ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. పక్కింటి టెలీమా అన్నగారు కేలబ్ నూనె శుద్ధి ఫ్యాక్టరీ పనికి అరూబా వెళ్ళి ఆచూకీ లేకుండా పోతే, పోయాడనుకుని పళ్ళెం పెట్టారు. ఈగ కూడా వాలలేదు దాని మీద. ఆ క్రిస్మస్‌కి కేలబ్ బంగారపు పన్నుతో పడవ దిగి, "నా పళ్ళెం మేకలకి పెట్టారటగా, సిగ్గులేదూ?" అని చెల్లెలితో తగువు పెట్టుకున్నాడు. పెద్దలు తిని మిగిల్చిందయితే ప్రసాదంలా అందరూ పంచుకుంటారు. ముట్టని పళ్ళెం అయితే మేకలకే. మనిషన్నవాడు దాన్ని నోట పెట్టడు.

ఆ శనివారం తెల్లారకముందే యుఫీమియా రేవుకి దిగి వచ్చింది. పావడా అంచు తడిసి ఉంది, చేతిలో సొరబుర్ర. "కాళ్ళు లాగేస్తున్నాయి, సముద్రపు నీళ్ళతో తుడుచుకోవాలి," అంటూ మూలకి పెట్టుకుంది. సంకటి దగ్గరికి ఒడెల్లాని రానివ్వలేదు. "నా కొడుకు ముద్ద నేను చేసుకుంటా. నువ్వు పో, కందులు చూసుకో. మీ ఆగ్నెస్ అత్త మళ్ళీ తొక్కలు పోస్తుంది."

తలుపు వేశాక ఊరంతా ఎదురుగా ఉన్న మేతబీడులో చేరింది. రమ్ము పీపాలతో చేసిన డప్పులు మొదలయ్యాయి. మొదటి పాట పెద్దలది, బరిలోకి ఎవరూ దిగకూడదు. ఖాళీ బరిలో దుమ్ము మాత్రం లేచి, తిరిగి, సద్దుమణిగింది. తరవాత ఆడవాళ్ళు పావడాలు పరిచి పట్టుకుని దిగారు.

ఒడెల్లా సీమపనస చెట్టు కింద నిలబడి గుమ్మం మెట్టు వైపే చూస్తోంది. చెట్టు నీడ మెట్టు ఎక్కితే తలుపు తియ్యాలి. బార్నబాస్ వచ్చి పక్కన నిలబడ్డాడు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం వదిలి.

"తింటాడంటావా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆయనకి సంకటంటే ప్రాణం. అమ్మ చేతిదైతే మరీ."

"నాకూ ఇష్టమే," అన్నాడు బార్నబాస్. అనేసి, ఎవరితో పోటీ పెట్టుకున్నాడో తెలిసొచ్చి చెవుల దాకా కందగడ్డలా అయిపోయాడు.

టెలీమా నాట్యం మధ్యలోంచి చెమటలు కారుతూ వచ్చి, "ఏం బాబూ, చచ్చిపోయినవాడి భోజనం ఎప్పుడవుతుందా అని కాచుక్కూచున్న పెళ్ళికొడుకుని నిన్నే చూశాను," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒడెల్లా కూడా నవ్వింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

నీడ మెట్టెక్కింది. డప్పులు ఆగాయి. ముందు యుఫీమియా, వెనక ఒడెల్లా, వాళ్ళ వెనక తోసుకుంటూ ఊరు. తలుపు తోశారు.

జెరెమయా పళ్ళెం అంచున ముళ్ళు దువ్వెనలా ఉన్నాయి. ఆగ్నెస్ ఈసారి తొక్కలు పొయ్యలేదు, అన్నీ తినేసింది. డోర్మన్ కుర్చీ కింద నీళ్ళు ఇంకా పాకుతూనే ఉన్నాయి. నాలుగో పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. సంకటి ముద్ద మీద తల్లి నాలుగు వేళ్ళ గుర్తులు కూడా చెదరలేదు. రమ్ము గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది.

 ఎవరి చేతిలోదో సొరబుర్ర జారి కిందపడి దొర్లింది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

"బతికే ఉన్నాడు!" అని కేక పెట్టింది యుఫీమియా. "విన్నారా? నా కొడుకు బతికే ఉన్నాడు! రేపు గుళ్ళో లేస్తాను. లేచి చెప్తాను!"

టెలీమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలి డప్పుగాడు సిలువ గుర్తు వేసుకున్నాడు. వెంటనే బయట ఎవరో డప్పు మీద దరువేశారు, ఊరు ఊగిపోయింది. పోయాడనుకున్నవాడు బతికున్నాడంటే పండగే కదా మరి! ఒడెల్లా చుట్టూ చేరి చేతులు పట్టుకుని ఊపారు. "అదృష్టవంతురాలివే తల్లీ!" అన్నారు.

 రాళ్ళకి కొట్టుకుని చచ్చిపోయిన మొగుడి కోసం ఒడెల్లా ఏడేళ్ళు ఏడ్చింది. ఆ మొగుడు ఇప్పుడు ఎక్కడో అన్నం తింటున్నాడు. ఈ మధ్యాహ్నం కూడా ఏ బల్ల దగ్గరో, ఎవరు వడ్డిస్తేనో తిని ఉంటాడు. తొట్టెలో పిల్లని వదిలి వెళ్ళి ఒక్క ముక్క రాయలేదు. అన్నిటికన్నా ఆమెని దిమ్మెరపోయేలా చేసింది ఇంకొకటి ఉంది. ఆ పళ్ళెం ఖాళీగా ఉండాలని తాను ఎంతగా కోరుకుందో ఆ గుమ్మంలో నిలబడ్డాకే ఆమెకి తెలిసింది. ఒక మనిషి చచ్చిపోయి ఉండాలని కోరుకుందన్నమాట. "తండ్రీ, క్షమించు," అనుకుంది లోపల్లోపల.

బార్నబాస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పడవకి తారు పుయ్యాలి. చీకటి పడకముందే," అన్నాడు ఎవరితోనో. పండగరోజు తారు ఎవరూ పుయ్యరు. వెళ్ళిపోయాడు.

ముట్టని పళ్ళెం మేకలకి పెట్టడం ఇంటి కోడలి పని. ఒడెల్లా దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. పెద్దల తిండంటే ఆ ఇంటి ముసలి మేకకి ఎప్పుడూ గిట్టేది కాదు, చప్పిడిదని మూతి తిప్పుకునేది. అలాంటిది ఈ పళ్ళెం దించీ దించకముందే మీదికి ఉరికింది. ముద్దని వదిలి ముందు పళ్ళెం అంచు నాకింది, తరవాత ముద్దని నాకింది, నాలిక చాపి ఒడెల్లా వేళ్ళు కూడా నాకింది. తాడు తెంపుకునేలా ఉంది.

ఒడెల్లా కాసేపు అర్థం కాక చూసింది. తరవాత, దేవుడు క్షమించాలి, మేక ముట్టని పక్కనుంచి చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు. చేదెక్కిన ఉప్పు. కొట్లో అమ్మే ఉప్పు కాదు, సముద్రం.

పళ్ళెం మేక దగ్గరే వదిలేసి వంటపాకలోకి వెళ్ళింది. యుఫీమియా ఒక్కతే పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. బయట అంతసేపు కేకలు పెట్టిన మనిషి ఇక్కడ మాట్లాడకుండా బూడిద గెలుకుతోంది. కోడలి మొహం చూడగానే అంతా తెలిసిపోయింది.

"నాలిక పెట్టావా?" అంది.

"సొరబుర్రతో తెచ్చింది కాళ్ళకి కాదన్నమాట."

"కాదు."

"ఎందుకత్తయ్యా? ఊరంతటినీ, నన్నూ, నీ పెద్దల్నీ… ఆ బల్ల దగ్గర మోసం చేస్తావా? నీకు చేతులెలా వచ్చాయి?"

యుఫీమియా పుల్ల విరిచి పొయ్యిలో వేసింది.

"తింటాడే వాడు," అంది చివరికి. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఉప్పు లేకపోతే తినేస్తాడు. ముద్ద మీద వాడి వేళ్ళ గుర్తులు పడతాయి. అది నేను చూడాలి. చూడగలనా?"

"అయితే నువ్వు కూడా…"

"నాకు మొదటి ఏడాదే తెలుసు. బతికుంటే అమ్మ దగ్గరికి రాకుండా ఉంటాడా నా కొడుకు? చెప్పు. రేవులో దిగితే ఇంటికి రాకముందే కేకేసేవాడు, 'అమ్మా, సంకటి పెట్టు' అని. నువ్వూ విన్నావుగా. అలాంటివాడు ఏడేళ్ళు ఊరుకుంటాడా? పోయాడు కాబట్టే రాలేదు." మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుంది. "నాకు తెలిస్తే తెలిసింది. కళ్ళతో చూపించకండి అన్నాను, అంతే. నీ పెళ్ళయితే వాడు పోయాడని ఊరంతా ఒప్పుకున్నట్టే కదే, అందుకే ఈ పని చేశాను."

ఒడెల్లా కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె కూడా నేల మీద కూలబడింది. బయట లినెట్ పిల్లలతో కలిసి, "మా నాన్న వస్తాడు, మా నాన్నకీ బంగారపు పన్నుంటుంది," అని పాట కట్టి పాడుతోంది. ఇద్దరూ విన్నారు.

"ఆ పాట ఆపాలి అత్తయ్యా," అంది ఒడెల్లా. "దాన్ని ఇంకో ఏడేళ్ళు పాడించలేను. ఇప్పుడే మళ్ళీ పెడదాం. ఉప్పు లేకుండా. తింటాడు. తిన్నాక నువ్వు నా ఒళ్ళో ఏడువు, నేను నీ ఒళ్ళో ఏడుస్తాను. అప్పుడు గుడికి పోదాం."

యుఫీమియా లేచింది. మంచినీళ్ళు కోడలి చేతే తోడించింది, పిండి కోడలి చేతే పోయించింది. తెడ్డు మాత్రం తానే తిప్పింది. దించాక ఒడెల్లా నాలిక మీద ఇంత వేసి, "ఊఁ?" అంది.

"చప్పగా ఉంది."

డోర్మన్ బాబాయికి కూడా ఒక ముద్ద పెట్టారు. పిలిస్తే రాననడు ఆయన. ఆయన వచ్చి తింటే పెద్దలకి దారి తెరిచే ఉందని తెలుస్తుంది. ఊరు ఇళ్ళకి చేరిపోయాక రెండు పళ్ళేలూ బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ జపమాల చెప్పుకుంటూ అక్కడే చాప మీద ఒరిగారు.

ఆదివారం తెలతెలవారుతుండగా యుఫీమియా తలుపు తోసింది. ఏడవడానికి సిద్ధంగా, భుజం మీద తువ్వాలు కూడా వేసుకుని ఉంది.

డోర్మన్ పళ్ళెం నాకినట్టు ఉంది. కుర్చీ కింద నీళ్ళు, ఇసక. తడి వేళ్ళ గుర్తు ఒకటి ఎనోక్ పళ్ళెం అంచు దాకా వచ్చి, ఇది నాది కాదులే అన్నట్టు వెనక్కి పోయింది.

ఎనోక్ ముద్ద నిన్నటిలాగే ఉంది. తల్లి వేళ్ళ గుర్తులు చెక్కుచెదరలేదు.

యుఫీమియా దగ్గరికి వెళ్ళి చూసింది. పళ్ళెం పైకెత్తి చూసింది. బల్ల కింద చూసింది. ముద్దని తిప్పి అడుగున చూసింది. ఆ మొహం చూడలేక ఒడెల్లా గోడవైపు తిరిగింది. ఊళ్ళో మరణవార్త విన్న ఆడవాళ్ళని ఎంతోమందిని చూసింది ఆమె. వాళ్ళెవరి మొహమూ ఇలా లేదు.

"బతికే ఉన్నాడు," అంది యుఫీమియా. నిన్న పెట్టిన కేకే. ఇవాళ పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడలేదు.

భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"నేను కొండ దిగి పాదిరిగారితో చెప్పి వస్తాను," అంది ఒడెల్లా.  "మూడో ప్రకటన చదవద్దంటాను. బార్నబాస్‌కీ నేనే చెప్తాను. బతికున్నవాడి పెళ్ళాన్ని, నాకు పెళ్ళేమిటి?"

"కూచో. పిల్లకి జడ వెయ్యి," అంది యుఫీమియా. "గుడికి ఆలస్యమైతే ఆ కొత్త పాదిరి గుర్రుగా చూస్తాడు."

"అత్తయ్యా…"

"జడ వెయ్యమన్నానా?"

 జడ వేస్తూ ఓరగా చూసింది ఒడెల్లా. అత్తగారు ఆదివారపు తెల్లగౌను వేసుకుంది, టోపీకి పిన్ను పెట్టుకుంది, గదిలోకి వెళ్ళి వచ్చింది. చేతిసంచి కాస్త ఎత్తుగా కనపడింది. లేస్తుంది, అనుకుంది ఒడెల్లా. నిన్న ఊరి ముందు అన్న మాట ఇవాళ నిజమైంది. అబద్ధమైనప్పుడే లేస్తానన్న మనిషి నిజమయ్యాక ఊరుకుంటుందా?

గుడి మెట్ల దగ్గర ఊరంతా ముందే చేరింది. అంత తొందరగా ఏ ఆదివారమూ ఎవరూ రాలేదు. దూరంగా గోడ వారన బార్నబాస్ ఉన్నాడు, గోళ్ళలో తారుతో. నిజంగానే పూసినట్టున్నాడు.

"ఏం పెద్దమ్మా, లేస్తున్నావా?" అంది టెలీమా ఆగలేక.

యుఫీమియా మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. "నిన్నటి పళ్ళెం లెక్కలోకి రాదు. అందులో ఉప్పు పడింది. పడలేదు, నేనే పోశాను, సముద్రపు నీళ్ళు."

జనం నోళ్ళు తెరిచారు. పెద్దల పళ్ళెంలో ఉప్పు! ఆ ఊరు పుట్టి ఎరగని మాట. అదీ యుఫీమియా! "ఓరి నాయనో," అన్నాడు డప్పుగాడు. టెలీమా రెండు మెట్లు వెనక్కి దిగింది. చిన్నప్పుడు ఆవిడ చేత మొట్టికాయలు తిన్న పెద్దమనుషులు తలలు దించుకున్నారు, ఆవిడ తరఫున వాళ్ళకే సిగ్గేసినట్టు.

"మరి… మళ్ళీ పెట్టారా?" అంది టెలీమా.

"పెట్టాం."

"తిన్నాడా?"

గంట మోగింది. "పూజకి వేళయింది," అని యుఫీమియా లోపలికి నడిచింది.

పాదిరిగారు ప్రసంగానికి ముందు పుస్తకం తీశారు. బార్నబాస్ పేరు చదివారు, ఒడెల్లా పేరు చదివారు. "ఇది మూడో ప్రకటన, ఇదే ఆఖరిది. ఈ పెళ్ళికి అడ్డంకి ఎవరికైనా తెలిసి ఉంటే ఇప్పుడే లేచి చెప్పాలి," అన్నారు.

గుడిలో తలలన్నీ ఒక్కసారి ముందు బల్లవైపు తిరిగాయి. ఒడెల్లా పక్కకి చూడలేదు. సంచి తెరిచిన చప్పుడు విన్నది. అప్పుడు చూసింది.

యుఫీమియా ఒళ్ళో రుమాలు విప్పింది. అందులో సంకటి ముద్ద ఉంది, మీద నాలుగు వేళ్ళ గుర్తులతో. ఊరంతా చూస్తుండగా దాన్ని రెండుగా విరిచి, ఒక ముక్క మొత్తం నోట్లో పెట్టుకుంది.

వెనక బల్లల్లోంచి పెద్ద నిట్టూర్పు లేచింది. తిన్నాడన్నమాట. పెద్దలు తిని మిగిల్చిందే మనుషులు తింటారు. తల్లే తింటోందంటే ఇంక అడగడానికేముంది? "పాపం ఎనోక్," అని ఎవరో సిలువ గుర్తు వేసుకున్నారు. టెలీమా వెక్కి వెక్కి ఏడ్చింది. ఒడెల్లా మాత్రం కదలకుండా ఉండిపోయింది. మేకలకి పెట్టాల్సిన ముద్ద తింటోంది ఆవిడ. ఆ గుడిలో ఆ సంగతి ఇద్దరికే తెలుసు, పైన ఉన్న ఆయన కాక.

పాదిరిగారు అర్థం కాక కళ్ళజోడు మీదుగా చూశారు. "ఏమైనా చెప్పాలా అమ్మా?"

యుఫీమియా నములుతోంది. నోట్లో ముద్ద ఉండగా ఆవిడ మాట్లాడదని అందరికీ తెలుసు. చల్లారి గట్టిపడ్డ సంకటి, నీళ్ళు లేవు, ముందు పళ్ళు రెండే ఉన్నాయి. నెమ్మదిగా, ఎటూ చూడకుండా నమిలింది. పాదిరిగారు ఆగారు. ఇంకాస్త ఆగారు. చివరికి పుస్తకం మూసేశారు. అప్పుడు గాని ఆవిడ మింగలేదు.

పాదిరిగారు నాలిక మీద అప్పం పెట్టే సత్ప్రసాదం వేళకి జనం వరసకట్టి పీఠం దగ్గరికి నడిచారు. యుఫీమియా లేవలేదు. ఊహ తెలిసినప్పటినుంచి ఏ ఆదివారమూ వదలని మనిషి. సంకటి తిని ఉపవాసం చెడింది కాబట్టి తీసుకోవడం లేదు అనుకుంది ఊరు. ఒడెల్లా కూడా లేవలేదు. లినెట్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

వరస కదులుతుండగా, ముసలిది ఎదురుగా ఉన్న దీపం వైపే చూస్తూ, రుమాల్లో మిగిలిన సగం ముక్క కోడలి ఒళ్ళోకి జరిపింది.

"తిను," అంది పెదవులు కదిలీ కదలకుండా. "వాడి అమ్మ చేతిది. వాడికి అక్కర్లేదుట."

ఒడెల్లా దాన్ని చేతిలోకి తీసుకుంది. వరసలో చివర నిలబడ్డ బార్నబాస్ వీపు కనపడుతోంది, చొక్కా భుజం మీద తారు మరక. ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది.

ఉప్పు లేదు.